కబరుంగి మేడం ఎర్ర టబ్బు

కొండ మీది మా బడిలో సెల్‌ఫోను దొరికితే ఏమవుతుందో నిన్న చేరిన పిల్లలకి కూడా తెలుసు. బెత్తం దెబ్బలుండవు. ఇంటికి ఉత్తరం వెళ్లదు. సోమవారం ప్రార్థన అయ్యాక డిప్యూటీ హెడ్‌మిస్ట్రెస్ కబరుంగి మేడం తన ఎర్ర ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్లు పోయించి మెట్ల మీద పెట్టిస్తుంది. ఫోను ఎవరిదైతే వాళ్ల చేత్తోనే అందులో వేయిస్తుంది. బుడగలు ఆగేదాకా ఎనిమిది వందల మందీ నోరెత్తకుండా నిలబడాలి. ఆ తర్వాత ఎవరి క్లాసుకి వాళ్లు.

ఆ టబ్బులో చర్చి ఫాదర్ మేనల్లుడి ఫోను మునిగింది, పోలీసు ఇన్‌స్పెక్టర్ కొడుకు ఫోనూ మునిగింది. ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి గట్టిగా అడిగితే, "తీసుకోండి సార్, నేనేం వద్దన్నానా? చొక్కా చేతులు పైకి మడుచుకుంటే చాలు" అందట మేడం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. తనకో న్యాయం, పిల్లలకో న్యాయం అనే మనిషి కాదు ఆమె. పొద్దున ఎనిమిదికి తన ఫోను ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేస్తే మళ్లీ సాయంత్రం నాలుగుకే తీస్తుంది. రాష్ట్రపతి ఫోన్ చేసినా నాలుగు దాకా ఆగాల్సిందే.

అటువంటి బడిలో, అటువంటి మేడం క్లాసులో, సీనియర్ ఫోర్, అంటే హైస్కూలు నాలుగో ఏడు చదివే కహుండే రెండేళ్లుగా ఫోను దాచుకుని తిరుగుతోంది.

కహుండేకి పదహారేళ్లు. నీలగిరి చెట్టులా పొడుగ్గా పెరిగింది. పొట్టి పిల్లలు ముందు, పొడుగు పిల్లలు వెనక అన్నది కూడా మేడం రూలే కాబట్టి తొంభై మంది ఉన్న క్లాసులో ఆమె చోటు ఎప్పుడూ చివరి బెంచీయే. అక్కడి నుంచి చూస్తే బోర్డు మీద రాత రాతలా ఉండేది కాదు, వర్షాకాలంలో కొండ మీద దిగే మబ్బులా ఉండేది. అందరికీ అలాగే కనిపిస్తుందనీ, మిగతావాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి ఊహించి రాసుకుంటున్నారనీ చాలాకాలం నమ్మింది పిచ్చిపిల్ల. ఒక సెలవుల్లో కంపాలా నుంచి వచ్చిన చిన్నాన్న అద్దం పగిలిన పాత ఫోను ఒకటి ఇచ్చి వెళ్లాడు. బడి తెరిచాక ఒకరోజు సరదాకి ఖాళీ క్లాసులో వెనక నుంచి బోర్డుకి ఫోటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూసింది. అక్షరాలు. చుక్కలూ గీతలూ అన్నీ ఉన్న అక్షరాలు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి ఆ ఫోనే ఆమెకు కళ్లు. దాన్ని ఎక్కడ దాచాలన్నదే సమస్య. జుట్టులో దాచుకుందామంటే మా బడి ఆడపిల్లల తలలన్నీ నున్నగా గొరిగించి ఉంటాయి. మేజోళ్లు మేడం రోజూ తడిమి చూస్తుంది. చివరికి పాత అట్లాసు ఒకటి తీసుకుని, వెనక ఉండే ఊళ్ల పేర్ల పట్టిక పేజీల్లో ఫోను పట్టేంత గుంట కోసింది. వెనక అట్ట మీద ప్రపంచపటం ఉంది. అందులో అట్లాంటిక్ సముద్రం మధ్య వేలి గోరంత చిల్లు పెట్టింది. అట్లాసు తెరిచి బల్ల మీద నిలబెడితే చిల్లులోంచి ఫోను బోర్డుని చూస్తుంది, ఫోనులోంచి కహుండే చూస్తుంది. లెక్కల క్లాసులో అట్లాసు, కెమిస్ట్రీలో అట్లాసు, బైబిలు క్లాసులోనూ అట్లాసే.

జాగ్రఫీ చెప్పేది కబరుంగి మేడమే. ఆమె ఆ పిల్లని చూసి మురిసిపోయేది. "పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాను. అట్లాసుని ఇంతలా గుండెకి హత్తుకున్న పిల్లని ఇప్పుడే చూస్తున్నాను" అని స్టాఫ్‌రూములో చెప్పుకునేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉగాండాకి పడమటి వైపున్న మా టోరోలో మనిషికి ఒక్క పేరు చాలదు. పుట్టిన మూడు నాలుగు రోజులకే ఎంపాకో కూడా పెడతారు. ముద్దుపేరనుకోండి, మర్యాదపేరనుకోండి. కన్నతల్లినైనా సరే పిలవాల్సింది ఎంపాకోతోనే. అందులో ఉన్న ఆప్యాయత మరో పిలుపులో లేదని మావాళ్ల నమ్మకం. చిక్కల్లా ఏమిటంటే జనం లక్షల్లో ఉన్నారు, ఎంపాకోలు పన్నెండే ఉన్నాయి. సంతలో నిలబడి అకీకీ అని కేకేస్తే అరటిగెలల వెనక నుంచి నలుగురు తలెత్తుతారు. కహుండే ఎంపాకో అకీకీ. కబరుంగి మేడం కూడా అకీకీయే. కాకపోతే బడి గేటు లోపల ఎంపాకోలు చెల్లవు. హాజరుపట్టీలో ఉన్న పేరే పేరు. "ప్రేమలూ ఆప్యాయతలూ ఇంటి దగ్గర పెట్టి రండి, సాయంత్రం వెళ్లి తీసుకోవచ్చు" అంటుంది మేడం.

జూలైలో హెడ్‌మాస్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. క్లాసులోకి ఫోన్లు రానివ్వాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు, కూడదని మేడం పట్టుబడుతోంది. ఆయనకి ఎవరితోనూ తగువు పెట్టుకోవడం ఇష్టం ఉండదు. అందుకని శుక్రవారం పిల్లల చేత చర్చ పెట్టించి, గెలిచినవాళ్ల మాట తల్లిదండ్రుల సభలో చెబుతానన్నాడు. రానివ్వాలనే పక్షానికి రుసోకే అనే వాగుడుకాయ నిలబడ్డాడు. కూడదనే పక్షానికి మేడం క్షణం ఆలోచించకుండా కహుండే పేరు చెప్పింది.

మధ్యాహ్నం మొక్కజొన్నపిండితో చేసే పోషో ముద్దా చిక్కుడుగింజల పులుసూ తింటుంటే పక్క బెంచీ స్నేహితురాలు కోబుసింగె నవ్వు ఆపుకోలేకపోయింది. అట్లాసు గుట్టు తెలిసింది ఆమె ఒక్కదానికే.

"ఫోన్లు కూడదని నువ్వు మాట్లాడతావా? కోడిని మింగిన నక్క వచ్చి కోళ్లగూటికి కాపలా ఉంటానందట."

"నవ్వకే. వద్దంటే ఎందుకు వద్దో చెప్పమంటుంది. ఏం చెప్పను?"

"కడుపునొప్పని చెప్పు."

"పోయిన వారం పరుగుపందేనికి అదే చెప్పానుగా. నెలకెన్నిసార్లు వస్తుందే కడుపునొప్పి?"

"అయితే ఓడిపోయేలా మాట్లాడు."

"అదే నాకు చేతకాదు" అంది కహుండే దిగులుగా. అది నిజమే. మాట్లాడటానికి నిలబడితే ఆ పిల్లకి ఒళ్లు తెలియదు, గెలవాలనే ఉంటుంది.

నవంబరులో పెద్ద పరీక్షలు. ఇంకా నాలుగు నెలలు బోర్డు మీద రాసింది రాసుకోవాలి. ఫోను మునిగిందంటే చదువు మునిగినట్టే. ఆ నాలుగు నెలలూ ఎవరి కంటా పడకుండా గడిపేస్తే చాలు, ఇంకేమీ వద్దని రోజూ రాత్రి దేవుడికి చెప్పుకునేది.

శుక్రవారం రెండింటికి హాలు కిటకిటలాడింది. వేదిక మీద బల్ల, బల్ల వెనక హెడ్‌మాస్టరు గారూ, అధ్యక్షురాలిగా కబరుంగి మేడమూ. వేదిక ముందు చిన్న స్టూలు మీద ఎర్ర టబ్బు, నిండా నీళ్లతో. ఆ రోజు ముంచడానికి ఫోనేమీ లేదు. ఊరికే, అందరికీ గుర్తుండటానికి పెట్టించింది.

రుసోకే లేచాడు. "అధ్యక్షా, సమయపాలకా, న్యాయనిర్ణేతలారా, నా తోటి సభ్యులారా. మా క్లాసులో పద్నాలుగు మందికి ఒక కెమిస్ట్రీ పుస్తకం. అది నా చేతికొచ్చేసరికి పేజీల్లో సగం ఉండవు. ఫోన్లో పుస్తకం చిరగదు. ఫోన్లో పుస్తకం కోసం కొట్టుకోనక్కర్లేదు. మరి మాకు పుస్తకం కావాలా, టబ్బు కావాలా?"

పిల్లలు కాళ్లతో నేల దరువు వేశారు. మేడం చెయ్యెత్తి ఆపింది. "రుసోకే, పోయిన టర్మ్‌లో నీ ఫోను ముంచే ముందు తెరిచి చూశాను. ఫుట్‌బాల్ తప్ప కెమిస్ట్రీ ఎక్కడా కనిపించలేదే."

"వెతకాలి మేడం. లోపల్లోపల ఉంటుంది" అన్నాడు రుసోకే. ఈసారి హెడ్‌మాస్టరు గారు కూడా నవ్వారు.

తర్వాత కహుండే వంతు. అట్లాసు పట్టుకునే రమ్మని మేడం ముందే చెప్పింది, అందరూ చూసి నేర్చుకుంటారని. ప్రసంగం రాసుకున్న కాగితాన్ని అట్లాసులోనే, గుంట ఎదుటి పేజీకి పిన్నుతో గుచ్చింది. బల్ల మీద తెరిచి నిలబెట్టి మొదలుపెట్టింది.

"అధ్యక్షా, నా ప్రత్యర్థికి పుస్తకం లేదట, అందుకని ఫోను కావాలట. మా నాయనమ్మకి పళ్లు లేవు. అలాగని మొక్కజొన్న పొత్తు కోసం పక్కింటాయన పళ్లు పీకించదు." నేల దద్దరిల్లింది. కహుండేకి ఊపు వచ్చింది. "ఫోను జేబులో ఉంటే మనసు జేబులో ఉంటుంది. టీచరు ముందుంటే కన్ను టీచరు మీద ఉండాలి. అధ్యక్షా, క్లాసులో ఫోను ఎవరికి మేలు చేసింది? ఒక్కరిని చూపించండి."

ఆ మాట అంటూ కాగితం కోసం కిందికి చూసింది. గుంటలో ఫోను వెలుగుతోంది. చప్పుడు రాకుండా పెట్టుకుంది కాబట్టి ఎవరికీ తెలియదు. అబ్వోలి అని పేరు కనిపిస్తోంది. చర్చి పాటల బృందంలో కహుండేకి పాట నేర్పిన కునిహిర అక్క ఎంపాకో అది. కబరుంగి మేడం ఏకైక కూతురు. నెలలు నిండిన మనిషి, వచ్చే వారం కాన్పని ఊరంతటికీ తెలుసు.

వెలుగు ఆరింది. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆరింది. మూడోసారి కూడా ఆరాక మెసేజ్ వచ్చింది.

కహుండే నోటితో ఏదో మాట్లాడుతూనే కంటితో చదివింది. దగ్గరి అక్షరాలు ఆమెకి బాగానే కనిపిస్తాయి.

"అకీకీ, ఫోను ఎత్తవేం. వారం ముందే నొప్పులొచ్చాయి. పెద్దాసుపత్రిలో ఉన్నా. బిడ్డ అడ్డం తిరిగిందట, ఆపరేషనంటున్నారు, ఇంటివాళ్ల సంతకం కావాలట. ఆయన లారీ కంపాలాలో ఉంది. బిడ్డకి నీళ్లు పోయడానికి టబ్బు కూడా అడిగారు, నీ ఎర్రది పట్టుకురా. త్వరగా రా, నాకు భయంగా ఉంది."

మొదట అర్థం కాలేదు. నేనెందుకు సంతకం పెట్టడం అనుకుంది. ఎర్ర టబ్బు అన్న మాట దగ్గర అర్థమైంది. పాపం, అక్క తల్లికి చేస్తున్నాననుకుని చేసింది. ఫోనులో అకీకీలు ఎంతమంది ఉన్నారో ఏమో, నొప్పుల్లో ముందు కనిపించిన అకీకీని నొక్కింది. తల్లి ఫోను సొరుగులో తాళం వెనక ఉంది. తల్లి ఇక్కడ, నాలుగడుగుల దూరంలో, తన ప్రసంగం విని మురిసిపోతూ కూర్చుంది.

తేలు కుట్టిన దొంగ పరిస్థితి అయింది కహుండేది. చెబితే ఎదురుగా నీళ్లున్నాయి. చెప్పకపోతే అక్కడ అక్క ఒక్కతే ఉంది. గేటు దగ్గరికి ఎవరో వచ్చి చెప్పారనాలా? గేటు కాపలాదారు హాల్లోనే గుమ్మం దగ్గర నిలబడి చర్చ వింటున్నాడు. దేవదూత చెవిలో చెప్పాడనాలా? మేడం దేవదూతని కూడా చీటీ అడుగుతుంది. చర్చ అయ్యేదాకా ఆగి, నాలుగు కాగానే మేడం తన ఫోను తానే చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. ఆ ఫోనుకి కాల్ వెళ్లనే లేదు. ఈ లోకంలో ఈ సంగతి తెలిసింది ఇప్పుడు ఒక్క అట్లాసుకే.

సమయపాలకుడు గంట కొట్టాడు. ఒక్క నిమిషం ఉంది.

"నీళ్లు నములుతున్నావేం? ముగించు" అంది మేడం మెల్లగా, ప్రేమగానే.

కహుండే గొంతు సవరించుకుంది. "అధ్యక్షా, ఒక సమాచారం."

హాలంతా గుసగుసలు. చర్చలో సమాచారం ఇచ్చేది ఎదుటి పక్షంవాళ్లు. రుసోకే లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, తన ప్రసంగానికి తనే సమాచారం ఇచ్చుకోవచ్చా? ఇదేం ఆట?"

"కూర్చో రుసోకే" అంది మేడం. "ఏంటమ్మా ఆ సమాచారం?"

"క్లాసులో ఫోను ఎవరికి మేలు చేసిందని అడిగాను కదా మేడం" అంది కహుండే. "మీకు చేస్తుందేమో." అట్లాసుని అలాగే తెరిచి తీసుకెళ్లి మేడం ముందు పెట్టింది.

మేడం ముందు గుంటని చూసింది. తర్వాత ఫోనుని చూసింది. ముఖం ఎర్రబడింది. మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు తీసి పెట్టుకుని మెసేజ్ చదివింది. ఆ ముఖంలో రక్తం ఎక్కడికి పోయిందో తెలియలేదు. లేచి, వేదిక దిగి టబ్బు దగ్గరికి నడిచింది.

"అయిపోయింది" అని ముందు వరసలో కోబుసింగె కళ్లు మూసుకుంది. సోమవారం దాకా ఆగకుండా ఇప్పుడే ముంచేస్తుందని హాలంతా ఊపిరి బిగబట్టింది.

మేడం టబ్బుని రెండు చేతులా ఎత్తింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నీళ్లన్నీ బయట పారబోసింది. కింద హెడ్‌మాస్టరు గారి మేక పడుకుని ఉందనుకుంటాను, బ్యా అని ఒక్క అరుపు వినిపించింది. ఖాళీ టబ్బు చంకలో పెట్టుకుని, "కహుండే, ఆ అట్లాసు పట్టుకుని నాతో రా. మా అమ్మాయి మళ్లీ చేస్తే ఆ ఫోనుకే చేస్తుంది" అంది.

గేటు దగ్గర మేడం ఒక్క క్షణం ఆగింది. నాలుగు కాకుండా బయటికెళ్లాలంటే డిప్యూటీ సంతకం చేసిన చీటీ ఉండాలి. తనకీ కహుండేకీ చీటీ రాసి, సంతకం పెట్టి, వెనకాలే పరుగెత్తుకొచ్చిన కాపలాదారు చేతిలో పెట్టాకే గేటు దాటింది. ఆమె అంతే.

రోడ్డు మీద కిరాయికి తిరిగే బోడా ఒకటే ఉంది. మోటారుసైకిలు మీద ముగ్గురు ఎక్కితే దించి మరీ తిట్టే మేడం, ఆ రోజు డ్రైవరు వెనక తనెక్కి, తన వెనక కహుండేని ఎక్కించుకుంది. టబ్బు కహుండే నెత్తిన బోర్లించింది. తేయాకు తోటల మధ్య దారంతా జనం ఆగి చూశారు.

"ఫోన్ చెయ్యి దానికి" అంది మేడం గాలిలోకి అరుస్తూ.

కహుండే టబ్బు కిందనే చేసింది. "అబ్వోలి అక్కా, అమ్మ వస్తోంది. టబ్బు కూడా వస్తోంది."

"నువ్వెవరే?" అంది అవతల కునిహిర మూలుగుతూ.

"అకీకీని."

"మా అమ్మ గొంతు ఇలా లేదే."

"నేను ఇంకో అకీకీని అక్కా. పాటలు పాడే అకీకీని. నువ్వు ముందు ఊపిరి పీల్చుకో."

ఆసుపత్రిలో మేడం కాగితం మీద సంతకం పెట్టింది. పాతికేళ్లుగా హాజరుపట్టీల మీద ఒకే తీరున పడే సంతకం ఆ కాగితం మీద మాత్రం వంకర పోయింది. కూతురి చెయ్యి పట్టుకుని లోపలి తలుపు దాకా నడిచింది. కూతురు ఆ నొప్పుల్లోనే దెబ్బలాడింది.

"మూడుసార్లు చేశాను నీకు."

"నాకు చెయ్యలేదు తల్లీ, మా బడి పిల్లకి చేశావు. ఎంతమంది అకీకీలున్నారు నీ ఫోన్లో?"

"తొమ్మిది మంది" అంది కునిహిర. తలుపు మూసుకుంది.

వరండాలో బెంచీ మీద ఇద్దరు అకీకీలూ, మధ్యలో టబ్బూ. చాలాసేపటికి మేడం అట్లాసు అందుకుంది. తిప్పి తిప్పి చూసింది.

"ఈ చిల్లేంటి?"

"అట్లాంటిక్, మేడం." కహుండే తల దించుకుంది. "ఏ దేశానికీ దెబ్బ తగలకుండా సముద్రంలోనే పెట్టాను."

జాగ్రఫీ టీచరు కదా, ఆ మాటకి కోప్పడటం చేతకాలేదు. "ఎందుకు పెట్టావు?"

"బోర్డు కనిపించదు, మేడం. దీంట్లోంచి చూసి రాసుకుంటా."

మేడం నమ్మలేదు. దొరికిన పిల్లలు వంద సాకులు చెప్పడం విన్న చెవులవి. "సరే, ఎదురుగా ఆ గోడ మీద ఏముందో చదువు."

కహుండే గోడని చూసింది. కళ్లు చికిలించి మళ్లీ చూసింది. "గోడ మీద ఏమైనా రాసుందా, మేడం?"

నిశ్శబ్దంగా ఉండండి అని మూరెడేసి అక్షరాలతో రాసి ఉంది. మేడంకి సిగ్గేసింది. రెండేళ్లు తన కళ్లెదుట ఈ పిల్ల అట్లాసు వెనక నుంచి లోకాన్ని చూసుకుంటుంటే, భూగోళం మీద ప్రేమనుకుని స్టాఫ్‌రూములో గొప్పలు చెప్పుకుంది. పొడుగ్గా ఉందని చివరి బెంచీకి తోసింది తనే. జేబులు తడిమింది, మేజోళ్లు తడిమింది, కళ్లు మాత్రం చూడలేదు.

"ఒక్కసారి నాతో చెప్పలేకపోయావా?"

"మీరు కారణాలు వినరు కదా, మేడం."

అప్పుడే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. చిన్నదే అయినా పెద్ద గొంతు. నర్సు తలుపు తీసి, "ఆడపిల్ల. తల్లి బాగుంది. టబ్బు ఏదీ?" అంది. మేడం లేచి అందించబోయి, ఆగి, కహుండే చేతికే ఇచ్చింది.

సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఫోను ఇవ్వలేదు. "ఇది నా దగ్గరుంటుంది. సోమవారం చూద్దాం" అంది. రూలు రూలే కాబోలు అనుకుంది కహుండే. శనివారం, ఆదివారం ఆ పిల్లకి అన్నం సహించలేదు. చేసిన పనికి బాధ లేదు, మళ్లీ చెయ్యమన్నా చేస్తుంది. నాలుగు నెలలు ఎలా గడపాలన్నదే దిగులు.

"నేను నీ చెవిలో చదివి చెబుతాలే" అంది ఆదివారం చర్చి దగ్గర కలిసిన కోబుసింగె.

"నువ్వు సగం పాఠం నిద్రపోతావు కదే."

"మిగతా సగం చెబుతా."

సోమవారం ప్రార్థనకి హాజరు కానివాడు లేడు. జ్వరమని సెలవు పెట్టినవాళ్లు కూడా దుప్పటి కప్పుకుని వచ్చారు. మేడం మెట్ల మీద నిలబడింది. చేతిలో పగిలిన అద్దం ఫోను. ఆమె పక్కన ఎప్పుడూ టబ్బు ఉండే చోట ఏమీ లేదు.

"కహుండే, ముందుకి రా."

కహుండే వెళ్లింది.

"ఈ ఫోను క్లాసులో దొరికింది" అంది మేడం అందరికీ వినబడేలా. "దొరికిన ఫోను నా ఎర్ర టబ్బులో మునగాలి. అది ఈ బడి రూలు. రూలు మారలేదు." ఆగింది. "కానీ టబ్బు పెద్దాసుపత్రిలో ఉంది. పొద్దునా సాయంత్రం అందులో నా మనవరాలికి నీళ్లు పోస్తున్నాను. చంటిపిల్ల స్నానం చేసే టబ్బులో ఫోన్లు ముంచడం మా ఇంటా వంటా లేదు. కాబట్టి పిల్ల పెద్దదయ్యేదాకా టబ్బు ఖాళీ లేదు."

ఎనిమిది వందల మందికి నవ్వాలో వద్దో తెలియలేదు. రుసోకేకి మాత్రం ఎప్పుడూ తెలుసు. "మేడం, వంటింట్లో బకెట్ ఉంది కదా అని ఎవరూ అనకముందే అడుగుతున్నాను. అంటే అప్పటిదాకా ఫోను తెచ్చుకోవచ్చా?"

"తెచ్చుకో. నా బల్ల మీద, అందరి కళ్ల ముందూ పెట్టు. ఎందుకు కావాలో చెప్పి తీసుకో, పనయ్యాక పెట్టెయ్యి. ఫుట్‌బాల్ అని చెప్పినా వింటాను. ఇవ్వను, కానీ వింటాను."

ఫోను కహుండే చేతిలో పెట్టింది. ఆ రోజు జాగ్రఫీ క్లాసులో మేడం బల్ల చివర, గ్లోబు పక్కన, ఇంకో ఫోను కూడా కనిపించింది. అది మేడందే. కూతురు పచ్చి బాలింతరాలు కాబట్టి అవసరమని, కారణం తనే క్లాసుకి చెప్పుకుని మరీ పెట్టింది.

దాంతో గొడవ తీరిపోయిందనుకోకండి. తల్లిదండ్రుల సభలో ఆ విషయం మీద కుర్చీలు విరిగేంత పని అయింది, ఇప్పటికీ అవుతూనే ఉంది. రుసోకే వారానికి రెండుసార్లు కెమిస్ట్రీ పేరు చెప్పి దొరికిపోతున్నాడు. అది వేరే సంగతి.

ఆ గురువారమే మేడం కహుండేని కళ్ల డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్లింది. కళ్లజోడు రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా ముందు బెంచీలో కూర్చోబెట్టి, వెనకవాళ్లకి అడ్డం రాకుండా వంగి కూర్చోమంది. కళ్లజోడు వచ్చిన రోజు మేడం ఆమెని మళ్లీ చివరి బెంచీకి పంపింది.

"ఇప్పుడు చదువు. కనిపించినవన్నీ చదువు."

కహుండే లేచి నిలబడింది. బోర్డు మీద నైలు నది ఉపనదుల పేర్లన్నీ ఆగకుండా చదివింది. తర్వాత తలెత్తింది. బోర్డు పైన గోడ మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంది. రెండేళ్లుగా అది గోడకి పట్టిన ఎర్రమట్టి మరకనుకుంది.

"క్లాసులోకి సెల్‌ఫోను తేవడం నిషేధం" అని పైకి చదివింది, ఒక్కో మాటే.

క్లాసు పగలబడి నవ్వింది. కోబుసింగె బల్ల మీద వాలిపోయింది.

"ఇన్నాళ్లూ చదవలేదా అది?" అంది మేడం.

"కనిపించలేదు, మేడం. ఫోను ఎప్పుడూ బోర్డు దాకానే చూసేది."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది, కళ్లు కూడా తుడుచుకుంది. హాజరుపట్టీ మీద చెయ్యి ఉంది కానీ అందులోకి చూడలేదు.

"బాగా చదివావు" అంది. "కూర్చో, అకీకీ."